టెస్టు కోడ్‌కు కూడా కవరేజీ కొలవాలా? నాలుగు దారులు, ఏది ఎవరికి

కవరేజీ అనగానే గుర్తొచ్చేది అసలు కోడ్. టెస్టులు నడిపితే అందులో ఏ లైన్లు నడిచాయి, ఏవి మిగిలాయి అని చూస్తాం. ఆ టెస్టులే పూర్తిగా నడిచాయా అని మాత్రం అడగం. టెస్టు రాసేదే నడవడానికి, నడవక ఎక్కడికి పోతుంది అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఒక జీఎస్టీ ఇన్‌వాయిస్ ప్రాజెక్టులో టెస్టుల ఫోల్డర్‌ను పొరపాటున కవరేజీలో కలిపి నడిపిన రోజు ఈ వరుస కంటపడింది:

| ఫైలు | లైన్లు | నడవనివి | శాతం | ఏ లైన్లు |
|---|---|---|---|---|
| టెస్ట్_ఇన్‌వాయిస్.పై | 212 | 4 | 98% | 89–92 |

ఆ నాలుగూ ఒక టెస్టు ఫంక్షన్ లోపలి లైన్లు. 625 రూపాయల సరుకుకు 18% పన్ను వేస్తే 112 రూపాయల 50 పైసలు అవుతుంది. సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం 50 పైసలు గానీ అంతకు మించి గానీ ఉంటే పై రూపాయికి సవరించాలి, అంటే 113 రావాలి. టెస్టు అడుగుతున్నదీ అదే. కానీ అదే ఫైలులో కొంత కింద, క్రెడిట్ నోట్ కోసం ఎవరో ఈ టెస్టునే కాపీ చేసి, లోపలి లెక్క మార్చి, పేరు మార్చడం మరిచిపోయారు. పైథాన్‌లో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాస్తే రెండోది మొదటిదాన్ని చప్పుడు చేయకుండా మింగేస్తుంది. 'డెఫ్' ఉన్న లైను నడిచినట్టే లెక్కకు వస్తుంది, లోపలి లైన్లు మాత్రం ఎన్నటికీ నడవవు.

పేరు మార్చి నడిపితే ఆ టెస్టు ఫెయిలైంది. మధ్యలో ఎప్పుడో ఎవరో డెసిమల్ సవరింపు తీసేసి పైథాన్ సొంత 'రౌండ్' పెట్టారు. అది సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, 112.50ని 112 చేస్తుంది. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అన్నట్టుంది మా పని. కాపలా టెస్టు రాసి ఉంది, కాపలా మాత్రం లేదు.

టెస్టు కోడ్‌ను కొలవాలా వద్దా అన్న మీమాంసలో ఉన్నవారి ముందు నాలుగు దారులున్నాయి: టెస్టులను వదిలేయడం, కలిపి ఒకే అంకె తీయడం, రెండు అంకెలు విడిగా తీయడం, కవరేజీ జోలికి పోకుండా లింటర్‌తో (కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు చూపే పనిముట్టుతో) సరిపెట్టుకోవడం.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటి ప్రశ్న: నడవని టెస్టును అది పట్టిస్తుందా? పేర్లు కలవడం ఒక్కటే కాదు, టెస్టు నడవకుండా పోవడానికి చాలా కారణాలున్నాయి. పైథాన్ టెస్టులను నడిపే పనిముట్టు పైటెస్ట్‌లో, ఎర్రర్ వస్తుందా అని చూసే 'రైజెస్' బ్లాకు పెట్టి, లోపల ఎర్రర్ రావలసిన లైను రాసి, దాని కిందే అదే బ్లాకులో ఒక అసర్ట్ (ఫలితం సరైనదో కాదో చూసే వాక్యం) కూడా రాస్తారు. ఎర్రర్ రాగానే బ్లాకు ముగుస్తుంది, కింది అసర్ట్‌కు వంతు రాదు. ఇంకొకటి లూపు. జాబితాలోని ప్రతి వస్తువునూ పరీక్షించే లూపు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కానీ ఆ జాబితా ఖాళీగా వస్తే ఒక్క అసర్ట్ కూడా నడవదు, టెస్టు మాత్రం పచ్చగా పాసవుతుంది. డేటా ఫైలు చోటు మారినప్పుడు, వడపోత షరతు మారినప్పుడు ఇలా జరుగుతుంది. నాకు అన్నిటికన్నా భయం దీని గురించే, ఎందుకంటే రివ్యూలో ఎంత కళ్లు పెట్టి చూసినా ఇది కనిపించదు. ఇక ఫైలు పేరు. పైటెస్ట్ మామూలుగా 'టెస్ట్_' తో మొదలయ్యే ఫైళ్లనో '_టెస్ట్' తో ముగిసే ఫైళ్లనో మాత్రమే ఏరుకుంటుంది. చివర బహువచనం చేర్చి 'ఇన్‌వాయిస్_టెస్ట్స్' అని పేరు పెడితే ఫైలు మొత్తం గాలికి పోయినట్టే.

రెండో ప్రశ్న: అసలు కోడ్ అంకె స్వచ్ఛంగా మిగులుతుందా? మూడోది: రోజూ ఎంత విసిగిస్తుంది? శాతం ఇంతకు తగ్గకూడదని పెట్టిన హద్దు అనవసరంగా బిల్డును (కోడ్‌ను కూర్చి టెస్టులు నడిపే ప్రక్రియను) ఆపేస్తుంటే, దాన్ని జనం రెండు వారాల్లో తీసేస్తారు, అది మానవ స్వభావం. నాలుగోది: మీ భాషలో, మీ పనిముట్టులో ఈ సదుపాయం అసలు ఉందా? దీన్ని చివరికి వాయిదా వేస్తున్నాను గానీ కొందరికి నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

| దారి | నడవని టెస్టు దొరుకుతుందా | అసలు కోడ్ అంకె | రోజువారీ విసుగు |
|---|---|---|---|
| టెస్టులను వదిలేయడం | లేదు | స్వచ్ఛం | లేదు |
| కలిపి ఒకే అంకె | రిపోర్టు తెరిచి చూస్తేనే | ఉబ్బుతుంది | తక్కువ |
| రెండు అంకెలు విడిగా | వెంటనే, బిల్డు ఆగుతుంది | స్వచ్ఛం | మొదటి నెల ఎక్కువ |
| లింటర్‌తో సరి | కొన్ని రకాలే | ప్రభావం లేదు | తక్కువ |

## టెస్టులను వదిలేయడం

చాలా ప్రాజెక్టుల్లో ఉన్నది ఇదే. ఆలోచించి ఎంచుకున్నవారు తక్కువ, పాత ప్రాజెక్టు నుంచి సెట్టింగుల ఫైలుతో పాటు ఫలానా ఫైళ్లను కొలవద్దని చెప్పే 'ఓమిట్' వరుసను తెచ్చుకున్నవారు ఎక్కువ. దీనికి ఒక న్యాయం ఉంది. కవరేజీ అంకెను బయటివాళ్లకు చూపించాల్సినప్పుడు, ముఖ్యంగా క్లయింటు ఒప్పందంలో 80% అని రాసుకున్న సర్వీసు ప్రాజెక్టుల్లో, ఆ అంకె అసలు కోడ్‌దే అయి ఉండాలి. టెస్టులు కలిపి చూపడం లెక్కల్లో మోసం కిందికి వస్తుంది.

టెస్టులను కొలవద్దనే వారి రెండో వాదన, టెస్టు కోడ్ ఎటూ నడుస్తుంది కాబట్టి కొలిచి లాభం లేదని. ఆ మాటలోనే తప్పుంది. ఎటూ నడవాల్సిన కోడ్ గనకే, అందులో నడవని లైను కనబడితే అది ఖచ్చితంగా ఏదో ఒక పొరపాటును చెబుతుంది. అసలు కోడ్‌లో నడవని లైనుకు వంద సంజాయిషీలు ఉంటాయి, టెస్టులో నడవని లైనుకు సంజాయిషీ చెప్పడం కష్టం.

## కలిపి ఒకే అంకె

పైథాన్‌లో కవరేజీ కొలిచే కవరేజ్.పై పనిముట్టును 2004 నుంచి నడిపిస్తున్న నెడ్ బాచెల్డర్ టెస్టులను కూడా కొలవమనే చెబుతారు. ఆ సలహా సరైనదే. చిక్కల్లా కలిపి కొలవడంలో కాదు, కలిపిన మొత్తానికి ఒకే హద్దు పెట్టడంలో ఉంది.

లెక్క వేసి చూడండి. అసలు కోడ్ 4,000 లైన్లు, అందులో 70% అంటే 2,800 నడిచాయి. టెస్టులు 6,000 లైన్లు, 99% అంటే 5,940 నడిచాయి. కలిపితే 10,000లో 8,740, అంటే 87.4%. ఇప్పుడు ఎవరో ఒక్క టెస్టు కూడా లేకుండా 500 కొత్త లైన్లు చేర్చారు. అసలు కోడ్ కవరేజీ 70 నుంచి 62.2%కి జారిపోయింది. కలిపిన అంకె 83.2%. హద్దు 80 అనుకుంటే బిల్డు హాయిగా దాటిపోతుంది. ఇటు టెస్టుల వైపు చూసినా అంతే: నడవని ఆ 60 టెస్టు లైన్లు మొత్తంలో 0.6%. పాలల్లో నీళ్లు కలిపి, ఆ తర్వాత నీళ్లలో నలక వెతకడం ఇది.

ఒక్కరే నడుపుకునే చిన్న లైబ్రరీ, హద్దు ఎటూ 100% అయితే మాత్రం ఈ దారి బాగుంటుంది. 100 దగ్గర ఉబ్బడానికి చోటు లేదు, రెండు ఫోల్డర్లలో ఎక్కడ లైను మిగిలినా తెలిసిపోతుంది. అంతకు తక్కువ హద్దు ఉన్నవారు దీని జోలికి వెళ్లవద్దు.

## రెండు అంకెలు విడిగా

నేను వాడేదీ, పైథాన్ ప్రాజెక్టు అయితే కళ్లు మూసుకుని సిఫారసు చేసేదీ ఇదే. అసలు కోడ్‌కు మీకు తోచిన హద్దు పెట్టుకోండి, 75 కావచ్చు 90 కావచ్చు. టెస్టులకు 100.

టెస్టులను రెండుసార్లు నడపనక్కరలేదు. కవరేజ్.పై సెట్టింగుల్లో 'సోర్స్' కింద రెండు ఫోల్డర్లూ రాసి ఒకసారి నడపండి. పోగైన డేటా మీదే రిపోర్టు కమాండును రెండుసార్లు పిలవండి: ఒకసారి 'ఇన్‌క్లూడ్' కింద అసలు కోడ్ ఫోల్డర్, 'ఫెయిల్ అండర్' (అంటే హద్దు) 80; రెండోసారి టెస్టుల ఫోల్డర్, 'ఫెయిల్ అండర్' 100. ఇక్కడ చాలామంది ఒకచోట తట్టుకుని పడతారు. పైటెస్ట్‌కు కవరేజ్.పైని జోడించే పైటెస్ట్-కవ్ ప్లగిన్‌కు హద్దు ఇస్తే అది మొత్తం అంకెనే చూస్తుంది, పైగా సెట్టింగుల ఫైలులో 'ఫెయిల్ అండర్' ఉన్నా దాన్నే తీసుకుంటుంది. అందుకే ఆ వరుసను ఫైలులోంచి తీసేయండి. ప్లగిన్‌ను డేటా పోగు చేసే పనికే వాడుకుని, హద్దులను రిపోర్టు కమాండు పక్కనే ఇవ్వండి.

100 అనేది మరీ చాదస్తం కాదా, 98 చాలదా అంటారు. పైన చూపిన వరుసలో ఉన్నది 98% అని గుర్తుంచుకోండి. అన్నట్టు, కవరేజ్.పై ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది: 99.9 వచ్చినా దాన్ని 100గా సవరించి చూపదు.

అయితే మొదటి రోజే 100 రాదు. న్యాయంగానే నడవని లైన్లు కొన్ని ఉంటాయి. వాటిలో తరచుగా ఎదురయ్యేవి ఇవి.

ఒకటి, 'ఇక్కడికి రాకూడదు' అని రాసుకున్న లైను. పైటెస్ట్ 'ఫెయిల్' పిలుపు టెస్టు పాసైనప్పుడు ఎన్నడూ నడవదు, నడవకపోవడమే దాని పని. సెట్టింగుల్లో 'ఎక్స్‌క్లూడ్ ఆల్సో' కింద ఆ నమూనా ఒక్కటి చేరిస్తే అన్ని చోట్లా తొలగిపోతుంది.

రెండు, విండోస్‌లో మాత్రమే, లేదా ఫలానా పైథాన్ వెర్షన్‌లో మాత్రమే నడిచే టెస్టులు. ఒక్క యంత్రంలో కొలిస్తే ఇవి ఎప్పుడూ ఎర్రగానే కనిపిస్తాయి. అన్ని యంత్రాల డేటానూ 'కంబైన్' కమాండుతో కలిపిన తర్వాతే హద్దు పరీక్షించాలి. అది కుదరని చోట ఆ టెస్టు పక్కన 'ప్రాగ్మా: నో కవర్' (దీన్ని కొలవద్దని కవరేజ్.పైకి చెప్పే వ్యాఖ్య) రాయండి, కనీసం రివ్యూ చేసేవారి కంటికి కనిపిస్తుంది.

మూడు, నకిలీ క్లాసులు. నిజమైన పేమెంట్ గేట్‌వే బదులు టెస్టుల కోసం ఒక నకిలీ రాసుకుంటాం, అందులో ఏడు మెథడ్లు, వాడేవి మూడు. మిగతా నాలుగూ తీసేయండి. ఎక్కువ సందర్భాల్లో అవి ఒకప్పటి అవసరం మిగిల్చిన చెత్త. ఎవరూ పిలవని ఫిక్స్చర్లదీ (టెస్టుకు కావలసినవి సిద్ధం చేసేవి), సహాయ ఫంక్షన్లదీ అదే గతి.

ఏరుకోని ఫైలు విషయంలో మరో మెలిక ఉంది. 'సోర్స్' ఇచ్చినప్పుడు అసలు దిగుమతే కాని ఫైళ్లను కూడా కవరేజ్.పై 0%తో చూపిస్తుంది, మనకు కావలసింది అదే. కానీ ఫోల్డర్‌ను ప్యాకేజీగా గుర్తించే 'ఇనిట్' ఫైలు లేని ఉప ఫోల్డర్లలోకి అది మామూలుగా దిగదు. టెస్టుల ఫోల్డర్లలో ఆ ఫైలు పెట్టే అలవాటు చాలామందికి లేదు. 'ఇన్‌క్లూడ్ నేమ్‌స్పేస్ ప్యాకేజెస్' సెట్టింగు ఆన్ చేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. ఇది చేయకుండా 100 వచ్చిందని సంబరపడితే, అసలు దొరకాల్సిన ఫైలే లెక్కలో లేకుండా పోతుంది.

'ఇఫ్' లాంటి చోట రెండు వైపులా వెళ్లిందా అని చూసే బ్రాంచి కవరేజీ కూడా టెస్టుల మీద ఆన్ చేయాలా? చేస్తే మంచిదే. టెస్టులో 'ఇఫ్' ఉండి ఎప్పుడూ ఒక్క వైపే వెళుతోందంటే ఆ 'ఇఫ్' అక్కడ ఉండవలసిన అవసరం లేదు.

## లింటర్‌తో సరిపెట్టుకోవడం

పేరు కలిసిపోయిన టెస్టును పట్టడానికి టెస్టులు నడపనవసరమే లేదు. పైథాన్ లింటర్ రఫ్‌లో ఎఫ్811 నియమం వాడుకలో లేని పేరును మళ్లీ నిర్వచిస్తే చెబుతుంది. టెస్టు ఫంక్షన్‌ను కోడ్‌లో ఇంకెవరూ పిలవరు గనక ఈ నియమం దానికి సరిగ్గా అతుకుతుంది. 'రైజెస్' బ్లాకులో ఒకటికి మించి వాక్యాలుంటే అందులోని పీటీ012 నియమం గొడవ చేస్తుంది. ఇవి ఎడిటర్‌లో రాస్తుండగానే పట్టిస్తాయి, కవరేజీ రిపోర్టు వచ్చేదాకా ఆగనక్కరలేదు. మా ఇన్‌వాయిస్ టెస్టు కథలో ఎఫ్811 ఒక్కటి ఆన్‌లో ఉన్నా ఆ తప్పు మెర్జ్ అయ్యేదే కాదు.

లోటు ఎక్కడంటే, ఖాళీ జాబితా మీద తిరగని లూపును లింటర్ చూడలేదు. ఏరుకోని ఫైలును చూడలేదు. అవి నడిపితేనే తెలిసే సంగతులు. కాబట్టి మూడో దారి ఎంచుకున్నా లింటర్ నియమాలు పక్కన ఉంచండి, ఖర్చు దాదాపు సున్నా.

ఈ నాలుగు దారుల్లో ఏదీ చెప్పలేనిది ఒకటుంది: లైను నడిచింది సరే, అది దేన్నైనా పరీక్షించిందా? ఒక్క అసర్ట్ కూడా లేని టెస్టు 100% కవరేజీతో పాసవుతుంది. మీ బాధ అదే అయితే మీకు కావలసింది మ్యుటేషన్ టెస్టింగ్. అసలు కోడ్‌లో ప్లస్‌ను మైనస్ చేసి, టెస్టులు గమనిస్తాయా అని చూసే పద్ధతి అది. జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్, పైథాన్‌కు మ్యుట్‌మట్ ఉన్నాయి. నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి డబ్బు లెక్కలు, అనుమతుల తనిఖీ లాంటి కీలకమైన మాడ్యూళ్లకే పరిమితం చేసుకోవడం మేలు.

## మీ భాష ఏది అన్నదాన్ని బట్టి

ఇంతసేపూ పైథాన్ గురించే మాట్లాడటానికి కారణం ఉంది. ఈ జబ్బు అక్కడే ఎక్కువ, మందు కూడా అక్కడే సులువు.

గో వాడేవారికి ఎంపిక లేదు. కవరేజీ కోసం గో మీ సోర్సును మార్చి కంపైల్ చేస్తుంది గానీ, టెస్టు ఫైళ్లను ఆ మార్పుకు దూరంగా ఉంచుతుంది. అదృష్టవశాత్తు ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు రాస్తే అక్కడ కంపైలరే ఒప్పుకోదు. 'టెస్ట్' తర్వాత చిన్న అక్షరం రాసి టెస్టు నడవకుండా పోయే తప్పును గోతో వచ్చే తనిఖీ పనిముట్టు వెట్ పట్టిస్తుంది, 1.24 నుంచి గో టెస్ట్ కమాండు ఆ తనిఖీని తనంతట తానే చేస్తుంది.

జావాలోనూ పేర్ల గొడవ కంపైలర్ దగ్గరే తీరిపోతుంది. ప్రమాదాలు వేరేచోట ఉన్నాయి. మెథడ్ పైన 'టెస్ట్' అనొటేషన్ మరిచిపోతే టెస్టులను నడిపే జేయూనిట్ దాన్ని పట్టించుకోదు. బిల్డు పనిముట్టు మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ మామూలుగా పేరు ముందో వెనుకో 'టెస్ట్' లాంటి మాట ఉన్న క్లాసులనే నడుపుతుంది. 'ఇన్‌వాయిస్‌చెక్స్' అని పెడితే వదిలేస్తుంది. జావాలో కవరేజీ కొలిచే జాకోకో మావెన్ రిపోర్టు అసలు క్లాసుల ఫోల్డర్‌నే చూస్తుంది కాబట్టి ఇవి అందులో కనిపించవు. కావాలంటే జాకోకో కమాండ్ లైన్ పనిముట్టుకు టెస్టు క్లాసుల ఫోల్డర్ చూపించి విడిగా రిపోర్టు తీయవచ్చు. బిల్డులో రోజూ కాకపోయినా, రిలీజుకు ముందు ఒకసారి తీసి చూడటం దండగ కాదు.

జావాస్క్రిప్ట్ టెస్టులను నడిపే జెస్ట్, టెస్టు ఫైళ్లను కావాలనే కవరేజీకి దూరంగా పెడుతుంది, 'ఫోర్స్ కవరేజ్ మ్యాచ్' ఇస్తేనే కలుపుతుంది. అక్కడ టెస్టుకు ఉండేది శీర్షిక మాత్రమే, ఫంక్షన్ పేరు కాదు, కాబట్టి రెండు ఒకేలా ఉన్నా రెండూ నడుస్తాయి. ఎక్కువ నష్టం చేసేది డీబగ్ చేస్తూ పెట్టి తీయడం మరిచిన 'ఓన్లీ'. దాంతో ఆ ఫైలులో మిగతా టెస్టులన్నీ ఆగిపోతాయి. దీనికి జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్‌కు ఉన్న జెస్ట్ ప్లగిన్‌లోని 'నో ఫోకస్డ్ టెస్ట్స్' నియమం చాలు. కాబట్టి జెస్ట్ వాళ్లకు నా సలహా నాలుగో దారి.

డాట్‌నెట్‌లో కవరేజీ కొలిచే కవర్‌లెట్, టెస్టు అసెంబ్లీని (కంపైల్ అయిన టెస్టు ఫైలును) వదిలేస్తుంది, 'ఇన్‌క్లూడ్ టెస్ట్ అసెంబ్లీ' ఇస్తే కలుపుతుంది. కోడ్ నాణ్యత లెక్కలు చూపే సోనార్‌క్యూబ్ వాడేవారికి ఒక మాట: అది సోర్సులనూ టెస్టులనూ ముందే వేరు చేసి, టెస్టులను కవరేజీ లెక్కలోకి రానివ్వదు. క్లయింటుకు చూపే అంకె అక్కడే ఉండనివ్వండి, టెస్టుల అంకెను బిల్డులోనే విడిగా తేల్చుకోండి.

## వేలకొద్దీ పాత టెస్టులున్నవారికి

కొత్త పైథాన్ ప్రాజెక్టు అయితే మొదటి రోజే మూడో దారి పెట్టేయండి, పది నిమిషాల పని. పదేళ్ల నాటి ప్రాజెక్టు అయితే తొందరపడి బిల్డుకు హద్దు తగిలించవద్దు. మొదట లింటర్ నియమాలు ఆన్ చేసి, అవి చూపినవి సరిచేయండి. తర్వాత టెస్టుల రిపోర్టును హద్దు లేకుండా ఒకసారి తీసి, జాబితాను మూడు కుప్పలు చేయండి: వాడకంలో లేనివి, న్యాయంగా నడవనివి, నడవాల్సి ఉండీ నడవనివి.

మొదటి కుప్పను తీసేయండి, రెండోదాన్ని గుర్తు పెట్టి మినహాయించండి. మూడో కుప్ప దగ్గర నిదానించండి. అందులోని టెస్టును నడిచేలా చేయగానే అది ఫెయిలయ్యే అవకాశం ఉంది. అప్పుడు కొందరు చేసే పని, రావలసిన విలువను వస్తున్న విలువకు మార్చి టెస్టును పచ్చగా చేసేయడం. మా ఇన్‌వాయిస్ విషయంలోనూ మొదటి రివ్యూలో వచ్చిన మాట అదే: 'ఇన్నాళ్లూ 112 వస్తూనే ఉంది కదా, 113 బదులు 112 అని రాసేద్దాం' అని. టెస్టు రాసినవారెవరో, ఎందుకు రాశారో పాత కమిట్లలో (కోడ్ మార్పుల నమోదుల్లో) వెతికి, చట్టం సెక్షన్ తీసి చూశాకే ఎవరు తప్పో తేలింది. అందుకే పేరు మార్పు ఒక కమిట్‌గా, కోడ్ సవరణ ఇంకో కమిట్‌గా పెట్టండి. ఏ టెస్టు ఎప్పుడు మేలుకుందో, మేలుకుని ఏం పట్టిందో తర్వాత చూసేవారికి విడివిడిగా కనిపిస్తుంది.